మనము గెలిచితిమి, వారు ఓడిరి

ఆట ముగిసిన మరునాటి ఉదయమున మన వీథులలో వినవచ్చు మాటలను ఒకసారి శ్రద్ధగా ఆలకింపుడు. మన పక్షపు జట్టు గెలిచియున్నచో, “నిన్న మనం గెలిచినం” అందురు. ఓడియున్నచో, “వాళ్లు ఓడగొట్టుకున్నరు” అందురు. మైదానమున దిగి ఆడినది రెండు సందర్భములలోను ఆ పదకొండుమందియే. ఆడినవారు మారలేదు, చూచినవారును మారలేదు. మారినది ఒక్క సర్వనామము. గెలుపులో ‘మనము’ ఐన జట్టు ఓటమిలో ‘వారు’ అగుట ఎట్లు? క్రీడాభిమాని మనస్సునుగూర్చి తెలిసికొనదలచిన వారికి ఇంతకంటె మంచి ప్రవేశద్వారము లేదని మా అభిప్రాయము.

స్త్రీల అంతర్జాతీయ ఫుట్‌బాల్ పోటీలలో, ముఖ్యముగా ఓడిన జట్టు వెంటనే ఇంటిముఖము పట్టవలసిన నాకౌట్ మ్యాచ్‌లలో, అభిమానులు ఏ విధముగ స్పందింతురు, ఏల అట్లు స్పందింతురు, ఆ స్పందన వలన ఆటకు కలుగు మేలు కీడు లెట్టివి అను విషయములను ఇచట వివరింపదలచితిమి.

కొండగట్టు చుట్టుపట్లనున్న జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతముల శ్రోతలకు కబడ్డీ, ఖోఖో, వాలీబాల్, క్రికెట్టు పరిచితములైనంతగా ఫుట్‌బాల్ పరిచితము కాకపోవచ్చును. అందును స్త్రీల ఫుట్‌బాల్ అనగా మనకేమి సంబంధమని కొందరు అడుగవచ్చును. సంబంధము కలదు, అదియు దూరపు సంబంధము కాదు. జగిత్యాలనుండి కోరుట్ల, మెట్‌పల్లి, ఆర్మూరు మీదుగా సాగు రహదారి నిజామాబాదు చేరును. ఆ నిజామాబాదు జిల్లాలోని ఒక తండానుండి వచ్చిన గుగులోత్ సౌమ్య భారతదేశపు జట్టులో ఆడినది. 2022లో క్రొయేషియా దేశపు డైనమో జాగ్రెబ్ సంఘము పక్షమున ఆడుటకు వెళ్లినది. 2024–25 సంవత్సరపు భారత మహిళా లీగులో విజేతయైన ఈస్ట్ బెంగాల్ జట్టులో సభ్యురాలు. 2025లో అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య ఆమెను ఆ యేటి ఉత్తమ క్రీడాకారిణిగ ప్రకటించినది. మన పొరుగు జిల్లా ఆడబిడ్డ ఆడు ఆటనుగూర్చి మన ఇండ్లలో కొంత తెలిసియుండుట న్యాయము.

మొదట నాకౌట్ అను మాటను విచారింతము. పోటీలు నడుపుటకు ముఖ్యముగ రెండు పద్ధతులు కలవు. లీగు పద్ధతిలో ప్రతి జట్టును మిగిలిన జట్లన్నింటితోడను ఆడును. గెలుపునకు మూడు పాయింట్లు, సమానమైనచో ఒక పాయింటు. ఒకనాడు ఓడినను మరియొకనాడు సరిచేసికొనవచ్చును. అభిమాని కోపమునకును అట్లే గడువు దొరకును. నాకౌట్ పద్ధతిలో అట్టి వెసులుబాటు లేదు. సంక్రాంతి దినములలో మన గ్రామములందు జరుగు కబడ్డీ పోటీలను చూచినవారికి ఈ సంగతి క్రొత్త కాదు. ఓడిన జట్టు ఆ సాయంకాలమే చాపలు చుట్టుకొని పోవలసినదే. నెలల తరబడి చేసిన అభ్యాసమంతయు తొంబది నిమిషములలో తేలిపోవును.

తొంబది నిమిషములు గడచినను ఇరుపక్షములు సమానముగ నున్నచో ఏమి చేయవలెను? కొన్ని పోటీలలో ముప్పది నిమిషముల అధిక కాలము నిత్తురు. కొన్నింటిలో నేరుగ పెనాల్టీలకు పోవుదురు. ఒక్కొక్క పక్షమునుండి ఐదుగురు క్రమముగ వచ్చి, గోలునకు 11 మీటర్ల దూరమునుండి బంతిని తన్నవలెను. ఎదుట గోల్‌కీపరు ఒక్కతియే యుండును. ఆమె కాపాడవలసిన గోలు వెడల్పు 7.32 మీటర్లు, ఎత్తు 2.44 మీటర్లు. ఈ విధానము నిబంధనలలో చేరినది 1970లో. అంతకుముందు మ్యాచ్‌ను మరల ఆడించుటయో, లేక నాణెము నెగురవేయుటయో చేయుచుండెడివారు. 1968లో ఐరోపా పురుషుల పోటీల సెమీఫైనలునందు ఇటలీ, సోవియట్ జట్లు సమానముగ నిలువగా, నాణెమే ఇటలీని ఫైనలునకు పంపినది. నాణెముకంటె పెనాల్టీ న్యాయమైనదే. కాని చూచువారి గుండెకు మాత్రము కఠినమైనది. జట్టు భారమంతయు ఒక్క క్షణము ఒక్కరి పాదముపై నిలుచును. తప్పిన బంతి ఎవరిదో లోకమంతటికి తెలియును.

ఇట్టి మ్యాచ్‌లలో అభిమానుల స్పందన ఎంతదూరము పోవునో తెలుపు ఉదాహరణము మన దేశపు జట్టు ఆడిన ఆటలోనే కలదు. 2024 అక్టోబరు 27వ తేదీన నేపాల్ రాజధాని ఖాట్మండులోని దశరథ రంగశాలలో దక్షిణాసియా స్త్రీల చాంపియన్‌షిప్ సెమీఫైనలు జరిగినది. ఒక పక్షము నేపాల్, రెండవ పక్షము భారత్. రంగశాల కిక్కిరిసియుండెను, ప్రేక్షకులలో అత్యధికులు సహజముగ ఆతిథ్య దేశమువారే. రెండవ అర్ధభాగమున నేపాల్ క్రీడాకారిణి ఒకరు రెఫరీచేత బయటకు పంపబడగా ఆ జట్టు పదిమందితో ఆడవలసివచ్చెను. అటుపిమ్మట 62వ నిమిషమున భారత క్రీడాకారిణి సంగీతా బాస్ఫోర్ దూరమునుండి తన్నిన బంతి గోలులో పడినది.

కలహము ఇచటనే ప్రారంభమైనది. గోలు చేసిన సంతోషములో మనవారు గుమిగూడియుండగనే, నేపాల్ క్రీడాకారిణులు బంతిని మధ్యకు తెచ్చి, వెంటనే ఆట ప్రారంభించి, భారత గోలులోనికి కొట్టిరి. రంగశాల యంతయు హర్షధ్వానములతో మారుమ్రోగినది. కాని రెఫరీ ఆ గోలును అంగీకరింపలేదు. ఇందలి నియమమును తెలిసికొనుట అవసరము. ఒక గోలు పడిన పిదప ఆట మరల మధ్యబిందువునుండి ప్రారంభము కావలెను. అపుడు బంతిని తన్ను వ్యక్తి తప్ప, ఇరు జట్లవారును తమ తమ సగభాగములందే నిలిచియుండవలెను. రెఫరీ సంకేతము నీయవలెను. ఇవి జరుగక మునుపే బంతి కదలినచో ఆ ప్రారంభము చెల్లదు. చెల్లని ప్రారంభమునుండి పుట్టిన గోలును చెల్లదు.

ఈ నియమము కాగితముపై సులభమే. కాని వేలాదిమంది ఒక్కసారిగ లేచి సంతోషించిన పిదప, “మీ సంతోషము చెల్లదు” అని చెప్పుట సులభము కాదు. నేపాల్ జట్టు ఆక్షేపణ తెలిపినది. ప్రేక్షకులలో కొందరు మైదానములోనికి సీసాలు విసరిరి. ఆట గంటకు పైగా నిలిచిపోయినది. ఆ కాలమంతయు రెండు జట్ల యువతులును చెమట ఆరి, కండరములు చల్లబడి, ఏమి జరుగునో తెలియక వేచియుండవలసివచ్చెను. తుదకు ఆట మరల ప్రారంభమైన కొద్దిసేపటికే నేపాల్ పక్షమున సబిత్రా భండారి న్యాయముగ గోలు చేసి సమానము కావించినది. పెనాల్టీలలో నేపాల్ నాలుగు, భారత్ రెండు. మన జట్టు ఇంటికి వచ్చినది. నేపాల్ మూడుదినముల పిదప జరిగిన ఫైనలులో బంగ్లాదేశ్ చేతిలో ఓడినది.

ఈ వృత్తాంతమునుండి తెలియున దేమి? అభిమాని తన జట్టునకు మేలు చేయగోరి చేసిన పని ఆటను నిలిపివేసినది. జట్టును గెలిపించినది మాత్రము కాదు. పదిమందితో ఆడుచు వెనుకబడియున్న నేపాల్‌ను నిలబెట్టినది సీసాలు విసరిన చేతులు కావు. భండారి పాదము, పెనాల్టీలలో ఆ జట్టు చూపిన నిబ్బరము. కేకలు, చప్పట్లు జట్టునకు బలమే. అందు సందేహము లేదు. కాని మైదానములో వస్తువు పడిన క్షణమున అభిమాని ప్రేక్షకుడుగ నుండక ఆటకు అడ్డుగ మారును.

విద్యావంతులు, సౌమ్యులు సైతము అట్టి వేళ తమ్ము తాము మరచుటకు కారణమేమి? కొంత కారణము శరీరములోనే కలదు. ఉత్కంఠలో అడ్రినలిన్ అను స్రావము రక్తములో కలియును. గుండె వేగము హెచ్చును, కండరములు బిగియును, ఊపిరి చిన్నదగును. ఆడువారికి ఈ శక్తి పరుగులో ఖర్చగును. చూచువారికి ఖర్చుకు మార్గములేదు, కేకయే దారి. 2006లో జర్మనీలో పురుషుల ప్రపంచకప్ జరిగినపుడు మ్యూనిచ్ ప్రాంతపు వైద్యులు గుండెజబ్బుల అత్యవసర సందర్భములను లెక్కించిరి. జర్మనీ జట్టు ఆడిన దినములలో అవి సాధారణ దినములకంటె 2.66 రెట్లు ఉండినట్లు తేలినది. ఈ ఫలితములు 2008లో ప్రకటింపబడినవి. హెచ్చుదల పురుషులలో అధికము, స్త్రీలలోను లేకపోలేదు. గుండెజబ్బు కల పెద్దలున్న ఇంట ఆట వినునపుడు వారి మందు వేళను ఆట పేర మరువరాదని ఇందువలన గ్రహింపవచ్చును.

రెండవ కారణము సమూహములో కలదు. హనుమజ్జయంతినాడు కొండగట్టు మెట్లమీద నడచినవారికి దీనిని వేరుగ చెప్పనక్కరలేదు. ముందెక్కడనో ఒక దీక్షాస్వామి జయధ్వానము చేయును. వెనుకనున్న వేలకొలది గొంతులు తమకు తెలియకయే దానిని అందుకొనును. ఒంటరిగ నున్నపుడు పెదవి కదల్పని మనుష్యుడు అచట గొంతు చించుకొనును. సమూహము మంచి భావమును పెంచినట్లే చెడు భావమును పెంచును. మొదటి సీసా విసరుటకు ధైర్యము కావలెను. రెండవదానికి అంత అక్కరలేదు. పదవదానికి ఆలోచనయే అక్కరలేదు.

మూడవ కారణము మనము మొదట ప్రస్తావించిన సర్వనామమునకు సంబంధించినది. అమెరికాలో మనస్తత్వ శాస్త్రజ్ఞులు కొందరు 1976లో ఒక పరిశోధనను ప్రకటించిరి. విశ్వవిద్యాలయముల జట్లు అచటి పద్ధతి ఫుట్‌బాల్ ఆడి గెలిచిన పిదప, తరువాతి సోమవారమున విద్యార్థులు తమ విశ్వవిద్యాలయపు పేరు, గుర్తు గల దుస్తులను అధికముగ ధరించుచున్నట్లు వారు కనుగొనిరి. ఆటనుగూర్చి అడుగగా, గెలిచిన ఆటను చెప్పునపుడు ‘మేము’ అను మాటను ఎక్కువగ వాడిరి. ఓడిన ఆటను చెప్పునపుడు ఆ మాట తగ్గినది. ఇతరుల కీర్తి వెలుగులో కొంతసేపు చలికాచుకొనుట మనుష్య స్వభావము. ఇంగ్లీషున ‘మేము’, ‘మనము’ అను రెంటికి ఒకే మాట. తెలుగున భేదము కలదు. ‘మేము’ అనునది వినువానిని వెలుపల నుంచును; ‘మనము’ అనునది వినువానిని లోనికి పిలుచును. కావున తెలుగువాడు గెలిచిన జట్టును ‘మనము’ అన్నపుడు తానొక్కడే గాక, ఎదుటివానిని గూడ ఆ గెలుపులో భాగస్వామిని చేయుచున్నాడు. అది చక్కని గుణము. ఓటమినాడు ఆ గుణము కనబడకుండుటయే చిక్కు.

ఇది పురుషుల ఆటకును వర్తించునుకదా, స్త్రీల ఆటను వేరుచేసి చెప్పుటెందుకని ప్రశ్నింపవచ్చును. హైదరాబాదు ఫుట్‌బాల్ చరిత్ర ఇందుకు కొంత సమాధాన మొసగును. హైదరాబాదు వాస్తవ్యుడైన సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షకుడుగ నుండగా 1962 సెప్టెంబరు 4న జకార్తాలో భారత పురుషుల జట్టు ఆసియా క్రీడల ఫైనలు ఆడినది. రాజకీయ కారణములచే ఆ రంగశాల జనము భారత జట్టునకు ప్రతికూలముగ నుండెను. ఆ కేకల నడుమ మనవారు దక్షిణ కొరియాను 2–1తో గెలిచిరి. సికిందరాబాదునుండి వచ్చిన తులసీదాస్ బలరాం ఆ జట్టులో నొకడు. ఆనాటి జనము భారత జట్టును ద్వేషించి యుండవచ్చును, కాని, “పురుషులు ఫుట్‌బాల్ ఆడనేల?” అని ఎవరును అడుగలేదు. పురుషుల జట్టు ఓడినచో ఓడునది ఆ జట్టు మాత్రమే. స్త్రీల జట్టు ఓడినచో, “ఆడపిల్లలకు ఈ ఆట తగునా?” అను ప్రశ్న వెంటనే లేచును. ఓటమి ఆ పదకొండుమందికి మాత్రమే చెందక, ఇంకను బంతిని ముట్టని బాలికలకు గూడ చుట్టుకొనును. భేద మిక్కడ కలదు.

ఈ ప్రశ్న నేటిది కాదు. మొదటి ప్రపంచయుద్ధ కాలమున ఇంగ్లండులో కర్మాగారములలో పనిచేయు స్త్రీలు ఫుట్‌బాల్ జట్లుగ ఏర్పడిరి. 1920 డిసెంబరు 26న లివర్‌పూల్‌లోని గూడిసన్ పార్కులో డిక్ కెర్ సంస్థ స్త్రీల జట్టు ఆడిన మ్యాచ్‌ను చూచుటకు సుమారు 53,000 మంది వచ్చిరి. చోటు చాలక వెలుపల నిలిచినవారు వేలమంది. మరుసటి సంవత్సరము డిసెంబరు 5న ఆ దేశపు ఫుట్‌బాల్ సంఘము, ఆట స్త్రీలకు తగినది కాదని చెప్పి, తన సభ్య సంఘముల మైదానములలో వారి మ్యాచ్‌లను నిషేధించినది. ఆ నిషేధము దాదాపు అర్ధ శతాబ్దము నిలిచెను. 1971లో మెక్సికో నగరపు అజ్టెకా రంగశాలలో డెన్మార్క్, మెక్సికో స్త్రీల జట్లు ఆడిన ఫైనలును లక్షమందికి పైగా చూచినట్లు చెప్పుదురు. అయినను ప్రపంచ సమాఖ్య అధికారికముగ మొదటి స్త్రీల ప్రపంచకప్ జరిపినది 1991లో. చూచువారు లేక ఆట ఎదుగలేదను వాదమునకు ఈ అంకెలే సమాధానము. అభిమానులుండిరి, వారికి మైదానపు ద్వారములు మూయబడినవి.

మన దేశపు కథయు ఇట్టిదే. 1980లోను, 1983లోను భారత స్త్రీల జట్టు ఆసియా పోటీలలో ఫైనలు వరకు పోయి ద్వితీయ స్థానము పొందినది. 1983లో శాంతి మల్లిక్‌కు అర్జున పురస్కారము లభించినది. ఆ జట్టును ఎరిగిన ఇండ్లు మన ప్రాంతమున ఎన్ని యుండెనో పాఠకులే ఊహింపగలరు. తరువాతి కాలమున మ్యాచ్‌లే కరువై, తగినన్ని ఆటలు ఆడనందున 2009లో భారత స్త్రీల జట్టు ప్రపంచ శ్రేణుల జాబితానుండి తొలగింపబడినది. ఓటమికంటె కఠినమైన స్థితి యిది. ఓడుటకైనను ఆడవలెనుకదా.

ఇపుడు నిందకు క్రొత్త సాధనములు వచ్చినవి. మునుపు ఓటమినాటి తిట్లు రచ్చబండమీదనే అణగిపోయెడివి. నేడు చేతిలోని ఫోనుద్వారా అవి నేరుగ క్రీడాకారిణి కంటికి చేరును. 2023 స్త్రీల ప్రపంచకప్‌లో పాల్గొన్న క్రీడాకారిణులలో ప్రతి ఐదుగురిలో ఒకరికి దూషణ వాక్యములు చేరినట్లు ప్రపంచ సమాఖ్య తన పరిశీలనలో ప్రకటించినది. పెనాల్టీ తప్పిన యువతి ఆ రాత్రి గదికి వచ్చి ఫోను తెరచునపుడు ఏమి చూచునో ఒకసారి తలంచుకొనవలెను. ఆమె స్థానమున మన ఇంటి బిడ్డ నుంచుకొని తలంచినచో మరింత స్పష్టముగ తెలియును.

స్పందన చెడ్డదే కావలెనను నియమము లేదు. మంచి స్పందనకును ఉదాహరణములు సమీపమున కలవు. 2022 సెప్టెంబరు 19న అదే దశరథ రంగశాలలో బంగ్లాదేశ్ స్త్రీలు నేపాల్‌ను 3–1తో ఓడించి దక్షిణాసియా విజేతలైరి. వారు ఢాకా చేరినపుడు పైకప్పు లేని బస్సులో నగర వీథులలో ఊరేగింపబడిరి. త్రోవ పొడవున జనము బారులు తీరిరి. అది గెలుపునాటి స్పందన. ఓటమినాడు సైతము అభిమానులు ‘మనము’ అను మాటను విడువకపోయినచో ఏమగునో తెలిసికొనుటకు ఆస్ట్రేలియా కథను చూడవలెను.

2023 ప్రపంచకప్‌నకు ఆస్ట్రేలియా, న్యూజిలాండులు ఆతిథ్యమిచ్చినవి. ఆగస్టు 12న బ్రిస్బేన్‌లో ఆస్ట్రేలియా, ఫ్రాన్సు జట్ల క్వార్టర్ ఫైనలు గోలు లేకయే ముగిసి, పెనాల్టీలకు పోయినది. ఐదేసి తన్నుల లెక్క దాటి ఇరువది తన్నులు జరిగినవి. ఆస్ట్రేలియా 7–6తో గెలిచినది. ఆ సమయమున వేరే ఆటలు చూడవచ్చినవారు సైతము ఆ మైదానములలోని తెరలముందు నిలిచి దీనినే చూచిరి. నాలుగు దినముల పిదప సిడ్నీలో 75,784 మంది ఎదుట జరిగిన సెమీఫైనలులో ఆ జట్టు ఇంగ్లండు చేతిలో 3–1తో ఓడినది. మూడవ స్థానమునకై జరిగిన మ్యాచ్‌లో స్వీడన్ చేతిలో 2–0తో మరల ఓడినది. వరుసగ రెండు ఓటములు. అయినను ఆ చివరి మ్యాచ్‌కు గూడ నలుబది తొమ్మిదివేల మందికి పైగా వచ్చిరి. ఆ దినములలోనే ఆ దేశ ప్రభుత్వము స్త్రీల, బాలికల క్రీడా సౌకర్యములకై 20 కోట్ల డాలర్లు ప్రకటించినది. ఆ ధనము వలన కలుగునవి మైదానములు, దుస్తులు మార్చుకొను గదులు, దీపములు. ఓడిన జట్టు వెంట నిలిచిన జనము లేకపోయినచో, ఆ గదులనుగూర్చి ఎవరు తలంచెడివారు?

దుస్తులు మార్చుకొను గది అనునది చిన్న సంగతిగ తోచవచ్చును. కాని ఎన్నియో ఊళ్లలో బాలికలు ఆట మానుటకు కారణములు ఇట్టి చిన్న సంగతులే. మరుగుదొడ్డి లేని మైదానము, చీకటిపడిన పిదప దీపము లేని దారి, సమయమునకు రాని బస్సు, “పెండ్లి కావలసిన పిల్లకు పరుగులేల” అను పొరుగువారి మాట. ఇవి ఏ రెఫరీ ఈలకును లోబడవు. వీటిని తొలగింప గలవారు చూచువారే, అనగా తల్లిదండ్రులు, ఉపాధ్యాయులు, గ్రామ పెద్దలు, మనమందరము.

ఖాట్మండులో ఓడిన మన జట్టు కథ అచటనే ముగియలేదు. 2025 జులై 5న థాయిలాండు దేశపు చియాంగ్ మాయి నగరములో భారత్, థాయిలాండు జట్లు ఎదురుపడినవి. 2026 ఆసియా కప్‌నకు అర్హత నిర్ణయించు వర్గములో అది చివరి మ్యాచ్. పేరునకు నాకౌట్ కాకపోయినను, ఇరు జట్ల పాయింట్లు సమానముగ నున్నందున, గెలిచినవారికే ప్రవేశము, ఓడినవారికి ఇంటిదారి. మరల పరాయి గడ్డ, మరల ఎదుటి పక్షపు జనము. ఆనాడు భారత్ 2–1తో గెలిచినది. రెండు గోళ్లును చేసినది సంగీతా బాస్ఫోర్. ఎనిమిది నెలలకు ముందు ఖాట్మండులో గోలు చేసియు ఓటమితో తిరిగివచ్చిన ఆమెయే. అర్హత పోటీలలో గెలిచి భారత స్త్రీల జట్టు ఆసియా కప్‌లో ప్రవేశించుట అదియే మొదటిసారి.

ఆ రెండు మ్యాచ్‌ల నడుమ గడచిన ఎనిమిది నెలలను తలంచవలెను. ఆ కాలమున ఏ జనమును కేకలు వేయలేదు. ఏ వీథిలోను “మనం” అను మాట వినరాలేదు. వారు అభ్యాసము చేసిరి. లీగు మ్యాచ్‌లు ఆడిరి. గాయములకు కట్లు కట్టుకొనిరి. చియాంగ్ మాయి గెలుపు ఆ నిశ్శబ్దములో తయారైనది. జయంతినాడు కొండ నిండుట అందరికి కనబడును. మిగిలిన దినములలో మెట్లు ఊడ్చువారు, నీరు మోయువారు కొందరికే తెలియుదురు. ఆ కొందరు లేనిచో జయంతినాటి జనమునకు కాలు మోపు చోటుండదు.

మన ప్రాంతపు ఇండ్లకు ఇందువలన తోచు కర్తవ్యము పెద్దది కాదు. సిరిసిల్లలో మరమగ్గముల చప్పుడు నడుమనైనను, కోరుట్లలో బీడీల చాటలముందు కూర్చున్న వేళనైనను, రేడియోలో స్త్రీల ఆట వార్త వచ్చినపుడు ఫలితముతో పాటు ఆడినవారి పేరులను గూడ చెవినిడవలెను. పేరు తెలిసిన మనుష్యుని నిందించుట కష్టము. తీర్పు మనకు రుచింపనపుడు, కేక వేయుటకు ముందు నియమమేమో తెలిసికొనవలెను. ఖాట్మండు రంగశాలలో ఆట ప్రారంభపు నియమము ఎరిగినవారు మరికొందరుండినచో ఆ సాయంకాలము వేరుగ గడచియుండెడిది. పెనాల్టీ తప్పిన యువతిని తలంచునపుడు, బంతి ముందు నిలుచుటకు ఒప్పుకొన్నది ఆమెయేయని గుర్తుంచుకొనవలెను. తన్నుటకు ముందుకు రానివారు ఎన్నడును తప్పరు.

ఇంకొకటి కలదు. మన పాఠశాలల బాలికలు మండల పోటీలకు, జిల్లా పోటీలకు పోవుచుందురు. వారు ఆడు మైదానము చుట్టును చాలమారు ఉపాధ్యాయులు, తోటి బాలికలు తప్ప వేరెవ్వరు నుండరు. పోటీలో ఓడి బస్సు దిగివచ్చు పిల్లను ఇంటివారు అడుగు మొదటి ప్రశ్న ఆమె మరల ఆడునో లేదో నిర్ణయించును. “గెలిచినవా?” అని అడిగినచో ఆమె తల వంచుకొనును. “మన ఆట ఎట్లున్నది బిడ్డా?” అని అడిగినచో ఆమె చెప్పుకొనుటకు చాల యుండును. ఎవరెక్కడ తప్పిరో, ఎవరెంత పరుగెత్తిరో, మరుసటి యేడు ఏమి చేయవలెనో ఆమెయే వివరించును.

ఆ ప్రశ్నలో ‘మన’ అను రెండక్షరములు ఉన్నవి. ఓడినవారిని అట్లు పిలుచుట అలవాటైన ఇంటినుండి, అట్టి ఊరినుండి, రేపటి సౌమ్యలు బయలుదేరుదురని మేము విశ్వసించుచున్నాము.